బంతి విసిరే యంత్రం, బంతిని చూసే కన్ను

పిల్లలూ! చెరకు రసం బండి దగ్గర ఎప్పుడన్నా నిలబడి చూశారా? రెండు ఉక్కు రోలర్లు పక్కపక్కన ఉంటాయి. ఒకటి ఇటు తిరుగుతుంది, రెండోది అటు తిరుగుతుంది. వాటి సందులో చెరకు గడ కొన పెట్టగానే చటుక్కున లాక్కుంటాయి. గడ నలిగి, పిప్పి అయి అవతలి వైపు వస్తుంది.

ఇప్పుడు కొంచెం ఊహించండి. ఉక్కు రోలర్లు తీసేసి, వాటి స్థానంలో మెత్తని రబ్బరు చక్రాలు పెట్టాం. చక్రాలను మోటార్లతో చాలా వేగంగా తిప్పాం. చెరకు గడకు బదులు సందులో ఒక బంతి పెట్టాం. ఏమవుతుంది? చక్రాలు బంతిని పట్టి లాగి, అవతలి వైపుకు బాణంలాగా విసిరేస్తాయి. క్రికెట్ ఆటగాళ్ళు బ్యాటింగు సాధనకు వాడే బౌలింగ్ మిషన్ అంటే ఇదే. దాన్ని చూసి పిల్లలు నోరు తెరుస్తారు గాని, దాని రహస్యం చెరకు బండి రహస్యమే!

నేను ముప్పై ఏళ్ళకు పైగా జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో పాఠాలు చెప్పి, ప్రధానోపాధ్యాయుడుగా పదవీ విరమణ చేసి, బీరంగూడలో స్థిరపడ్డాను. మా ఊరికి ఒక పక్క మల్లికార్జునస్వామి గుట్ట, ఒక పక్క అమీన్‌పూర్ చెరువు, ముందు బొంబాయి రోడ్డు ఉన్నాయి. ఆ రోడ్డు మీద ఇటు పోతే రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం, అటు పోతే పటాన్‌చెరు పారిశ్రామికవాడ. యంత్రాల మధ్య బతికే ఊళ్ళు మావి. ఇక్కడి పిల్లలకు యంత్రమంటే భయం లేదు, నమ్మకం ఎక్కువ. అందుకే సాయంత్రం నేను నడకకు బయలుదేరితే, బ్యాటు భుజాన వేసుకున్న పిల్లలు నన్ను ఆపి తరచు ఒకే ప్రశ్న వేస్తారు: "సార్, మిషన్ మీద ఆడితే మంచి బ్యాట్స్‌మన్ అయితమా?"

పిల్లల వెనకనే వాళ్ళ తండ్రులు కూడా ఆ ప్రశ్నే వేస్తారు. వాళ్ళ ప్రశ్నలో డబ్బు లెక్క కూడా ఉంటుంది. ఈ ప్రశ్నకు అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పటం సరి కాదు. ముందు యంత్రం ఏమి చేస్తుందో తెలుసుకుందాం. తరువాత మన కన్ను ఏమి చేస్తుందో చూద్దాం. అప్పుడు జవాబు మీకే తెలుస్తుంది.

చక్రం లెక్క

ఒక చక్రం అడ్డుకొలత 40 సెంటీమీటర్లు అనుకోండి. దాని చుట్టుకొలత ఎంత? అడ్డుకొలతను 3.14 తో గుణించండి. దాదాపు 126 సెంటీమీటర్లు, అనగా 1.26 మీటర్లు వస్తుంది. చక్రం ఒక్కసారి తిరిగితే దాని అంచు 1.26 మీటర్ల దూరం పోతుందన్న మాట.

బంతి గంటకు 90 కిలోమీటర్ల వేగంతో రావాలి. అంటే సెకనుకు 25 మీటర్లు. 25ను 1.26తో భాగిస్తే దాదాపు 20 వస్తుంది. కనక చక్రం సెకనుకు 20 సార్లు, నిమిషానికి సుమారు 1,200 సార్లు తిరిగితే చాలు. చక్రం బంతిని జారనివ్వకుండా పట్టుకుంటే, అంచు ఎంత వేగంగా పోతుందో బంతి కూడా అంత వేగంగా బయటికి పోతుంది. మీట తిప్పి మోటారు వేగం పెంచితే బంతి వేగం పెరుగుతుంది. ఇందులో మాయ ఏమీ లేదు.

మరి స్పిన్ ఎలా వస్తుంది? చక్రాలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయనుకోండి. రెండూ ఒకే వేగంతో తిరిగితే బంతి తిరగకుండా పోతుంది. పై చక్రం ఎక్కువ వేగంగా తిరిగితే బంతి పైభాగం ముందుకు దొర్లుతూ పోతుంది. అటువంటి బంతి గాలిలో త్వరగా కిందికి దిగుతుంది. కింది చక్రం ఎక్కువ వేగంగా తిరిగితే బంతి వెనక్కు దొర్లుతున్నట్టు తిరుగుతూ, కొంచెంసేపు గాలిలో తేలుతుంది. చక్రాలున్న తలకాయను పక్కకు వంచితే బంతి గాలిలో పక్కకు వంగుతుంది, నేలను తాకి బొంగరంలాగా పక్కకు మళ్ళుతుంది. తిరిగే వస్తువు గాలిలో ఎందుకు వంగుతుందో జర్మనీ శాస్త్రజ్ఞుడు మాగ్నస్ 1852లో ప్రయోగాలు చేసి వివరించాడు. తిరిగే బంతి తన వెంట గాలిని కూడా కొంత తిప్పుతుంది. దానివల్ల బంతి వెనక గాలి ఒక పక్కకు మళ్ళుతుంది, బంతి రెండో పక్కకు జరుగుతుంది.

ఈ యంత్రాల్లో తరచు తోలు బంతికి బదులు, పైన చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ బంతులు వాడతారు. తోలు బంతికి కుట్టు ఉన్నది గదా! చక్రాలు ఒకసారి కుట్టు మీద, ఒకసారి నున్నటి తోలు మీద పట్టుకుంటే బంతి ఒక్కోసారి ఒక్కో తీరుగా పోతుంది. గుంటల బంతిని ఎటు పట్టుకున్నా ఒకటే.

ఒక బడిపంతులు, ఒక లెక్కల మేధావి

బంతి విసిరే యంత్రం నిన్న మొన్నటిది కాదు. ఇంగ్లండులో నికొలాస్ వానోస్ట్రోక్ట్ అనే బడిపంతులు ఉండేవాడు. ఆయన మంచి ఎడమచేతి బ్యాట్స్‌మన్. కాని పంతులు ఆటలాడితే పిల్లల తల్లిదండ్రులు ఏమనుకుంటారో అని, మైదానంలో 'ఫెలిక్స్' అని పేరు పెట్టుకున్నాడు! ఆయన 1830ల చివర 'కాటాపుల్టా' అనే యంత్రం తయారు చేశాడు. పూర్వం కోటగోడల మీదికి రాళ్ళు విసిరే యంత్రాలు ఉండేవి. ఆ పద్ధతిలోనే ఇది బ్యాట్స్‌మన్ మీదికి బంతి విసిరేది. చేతివేళ్ళకు దెబ్బ తగలకుండా రబ్బరు గొట్టాలు కుట్టిన గ్లవ్స్ కూడా ఆయనే తయారు చేశాడు. బంతిని వేగంగా విసిరే ఉపాయంతో పాటు, ఆ బంతినుంచి కాపాడే ఉపాయం కూడా ఆలోచించాడు చూశారా? ఈ సంగతి మరచిపోకండి. దీనితో తరువాత పని ఉన్నది.

రెండో ఆయన పేరు పదో తరగతి పిల్లలకు బాగా తెలుసు. సమితుల పాఠంలో రెండు వృత్తాలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని ఉంటాయే, ఆ వెన్ చిత్రాలను ఇచ్చిన జాన్ వెన్! కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో తర్కశాస్త్రం చెప్పిన ఈ మహానుభావుడు కూడా కొయ్యతో ఒక బౌలింగు యంత్రం చేశాడు. 1909లో ఆస్ట్రేలియా జట్టు కేంబ్రిడ్జికి వచ్చినప్పుడు, ఆ యంత్రం వారి మేటి ఆటగాళ్ళలో ఒకరిని నాలుగుసార్లు బౌల్డ్ చేసిందట! 2024లో కేంబ్రిడ్జి ఇంజనీర్లు ఆ యంత్రాన్ని మళ్ళీ తయారు చేసి చూపించారు.

ఆ మేటి ఆటగాడు ఒక కొయ్య యంత్రం చేతిలో ఎందుకు ఓడిపోయి ఉంటాడు? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే, బంతి వచ్చేటప్పుడు బ్యాట్స్‌మన్ ఏమి చూస్తాడో తెలియాలి.

కన్ను బంతి కంటె ముందు పోతుంది

పిచ్ పొడుగు 22 గజాలు. బౌలరు తన గీత దగ్గర బంతి వదులుతాడు, బ్యాట్స్‌మన్ తన గీత దగ్గర కొడతాడు. ఆ రెండు గీతల మధ్య దూరం 17.68 మీటర్లు. సెకనుకు 25 మీటర్ల వేగంతో వచ్చే బంతికి ఈ దూరం దాటటానికి 0.7 సెకను పడుతుంది. గంటకు 144 కిలోమీటర్లు, అంటే సెకనుకు 40 మీటర్ల వేగమైతే 0.44 సెకను చాలు. గాలి అడ్డటం వల్ల, నేలను తాకటం వల్ల బంతి కొంత నెమ్మదిస్తుంది. కంటితో చూసి, మెదడు ఆలోచించి, చేయి కదలటానికే దాదాపు 0.2 సెకను కావాలి. ఇక మిగిలేది ఎంత?

మైఖేల్ లాండ్, పీటర్ మెక్లాడ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు బ్యాట్స్‌మన్ల తలకు చిన్న కెమెరా తగిలించి, వాళ్ళ చూపు ఎటు పోతున్నదో కొలిచారు. బంతులు వేసింది బౌలింగు యంత్రమే. ఆ ఫలితాలను 2000లో ప్రకటించారు. "బంతి మీదినుంచి కన్ను తీయకు" అని మనం పిల్లలకు చెబుతూ ఉంటాం గదా! నిజానికి మంచి బ్యాట్స్‌మన్ అట్లా చేయడు. బంతి వెలువడేటప్పుడు దాన్ని చూస్తాడు. వెంటనే చూపును ముందుకు దూకించి, బంతి ఎక్కడ నేలను తాకబోతున్నదో అక్కడ పెట్టి కాచుకుంటాడు. బంతి వచ్చి తాకిన తరువాత మళ్ళీ దాన్ని వెంబడిస్తాడు. ఆటగాడు ఎంత నేర్పరి అయితే అతని చూపు అంత ముందుగా దూకుతుంది.

2006లో ముల్లర్, అబర్నెతీ, ఫారో అనే పరిశోధకులు ఇంకొక సంగతి ప్రకటించారు. బౌలరు పరుగెత్తి వచ్చే చలనచిత్రాన్ని, బంతి చేయి వదలకముందే ఆపేసి, "ఈ బంతి ఎట్లా వస్తుంది?" అని అడిగారు. కొత్తవాళ్ళు తడుముకున్నారు. మేటి ఆటగాళ్ళు బౌలరు చేతినీ భుజాన్నీ చూసి చాలాసార్లు సరిగ్గా చెప్పగలిగారు. అంటే, ఆరితేరిన ఆటగాడు బంతిని చూడటానికి ముందే మనిషిని చదువుతాడు.

మరి యంత్రానికి భుజం ఉన్నదా? మణికట్టు ఉన్నదా? ఎదురుగా రెండు చక్రాల మధ్య ఒక చీకటి సందు. అందులోనుంచి బంతి ఊడిపడుతుంది. చదవటానికి అక్కడ ఏమీ లేదు.

ముప్పై బంతుల పరీక్ష

మా వీధిలో తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు ఉన్నాడు. తండ్రికి పటాన్‌చెరులో షిఫ్టు పని. ఒకనాడు తండ్రి నా దగ్గరికి వచ్చి, "సారూ, మా పిల్లగాడు మిషన్ల ఆడాల్నని ఒకటే పట్టు. నెలనెలా పైసలు కట్టాల్నట. చిట్టీ ఎత్తుదామా అనుకుంటున్న. మీరేమంటరు?" అని అడిగాడు. చిట్టీ అంటే ఆయన ఇంట్లో ఆడపిల్ల చదువుకోసం వేస్తున్న చిట్టీ. నాకు ఆ సంగతి తెలుసు. అందుచేత నేను ఉన్నపళంగా సలహా చెప్పలేదు. పరీక్ష చేయకుండా మార్కులు వేయటం నాకు అలవాటు లేదు.

ఇద్దరినీ వెంటబెట్టుకుని మిషన్ ఉన్న ఒక చోటికి వెళ్ళాను. అరగంటకు డబ్బు కట్టాం. అక్కడి మనిషి వేగం అంకె తిప్పబోతూ, పిల్లవాడికి హెల్మెట్టు లేదని చూసి కూడా ఊరుకున్నాడు. "హెల్మెట్టు పెట్టేదాకా ఒక్క బంతి కూడా వేయవద్దు," అన్నాను. "ఏం కాదు సార్, అందరూ ఇట్లనే ఆడుతరు," అన్నాడు. నేను పిల్లవాణ్ణి చేయి పట్టి బయటికి తెచ్చాను. పక్కవాళ్ళ హెల్మెట్టు అడిగి తెచ్చి పెట్టిన తరువాతనే ఆట మొదలైంది.

యంత్రం ముప్పై బంతులు వేసింది. బ్యాటు నడిమధ్య తగిలిన బంతులకు నేను నోటుపుస్తకంలో గీతలు పెట్టాను. ఇరవైనాలుగు! పిల్లవాడి ముఖం వెలిగిపోయింది. తండ్రి నా వంక చూశాడు.

మరునాడు ఉదయం మైదానంలో, పక్క వీధి కుర్రవాడు ఒకణ్ణి బంతి వేయమన్నాను. వాడిది ఎడమచేయి. వాడి బంతి యంత్రం బంతికంటె నెమ్మది. అయినా ముప్పై బంతుల్లో నడిమధ్య తగిలినవి పదకొండే.

పిల్లవాడికి ఏడుపొక్కటే తక్కువ. "సార్, మిషన్‌ల అయితే మంచిగ తగులుతది. వీడు నెమ్మదిగ ఏస్తుండు, అయినా ఎందుకు తగుల్తలేదు?" అన్నాడు.

"మిషన్ బంతి ఎక్కడ పడుతుందో నీకు ముందే తెలుసు గదా, నాయనా?" అన్నాను. "రెండు మూడు బంతులు ఆడేసరికి చోటు తెలిసిపోయింది. ఆ తరువాత నువ్వు బంతిని చూడటం లేదు, తెలిసిన చోట బ్యాటు తిప్పుతున్నావు. వీడు వేసే బంతి ఎక్కడ పడేదీ నీకు తెలియదు. తెలుసుకోవాలంటే వాడి చేయి చూడాలి. నువ్వు వాడి చేయి వంక ఒక్కసారన్నా చూశావా?"

వాడు ఆలోచించి, "లేదు సార్," అన్నాడు.

తండ్రి నన్ను రెండో ప్రశ్న వేయలేదు. చిట్టీ ఎత్తలేదు. యంత్రం పనికిరానిది అని నేను చెప్పలేదు సుమా! ఒకే దెబ్బను వందసార్లు అభ్యసించాలంటే, తప్పు పడుతున్న కాలును దిద్దుకోవాలంటే, వేగమంటే బెదురు పోవాలంటే అది మంచి సాధనం. బౌలరు ఒక పూటకు ఎన్ని బంతులు వేయగలడు? యంత్రం అలసిపోదు. తన పని అది చక్కగా చేస్తుంది. ఎటొచ్చీ మనిషిని చదవటం అది నేర్పదు. ఆ పనికి మనిషే కావాలి.

చేతికర్ర, మేజోడు, గోడ

అందుకనే పెద్ద జట్లలో ఇప్పుడు ఇంకొక సాధనం కూడా వాడుతున్నారు. పొడుగాటి ప్లాస్టిక్ కర్ర, దాని చివర గరిటెలాంటి గిన్నె, ఆ గిన్నెలో బంతి. దాన్ని సైడ్ ఆర్మ్ అంటారు. మన జొన్నచేలల్లో మంచె మీద నిలబడి పిట్టలను తోలే రైతు చేతిలోని వడిసెల మీరు విన్నారా? సూత్రం అదే. తలుపు తెరిచేటప్పుడు చూడండి: బందుల దగ్గర తలుపు కొంచెమే కదులుతుంది, అంచు చాలా దూరం పోతుంది. చేతికి కర్ర తోడైతే చేయి పొడుగు పెరిగినట్టే. భుజం అంతే తిరిగినా కొనలోని బంతి ఎంతో వేగంగా పోతుంది. పైగా విసిరేవాడి చేయి బ్యాట్స్‌మన్‌కు కనిపిస్తూ ఉంటుంది. కర్ణాటకలోని కుమ్టా నుంచి వచ్చిన రాఘవేంద్ర, భారత జట్టుకు ఏళ్ళ తరబడి ఈ కర్రతో బంతులు విసిరి పెట్టాడు. వేగమైన బంతిని ఎదుర్కోవటంలో తన ఆట మెరుగుపడటానికి అతడి సాధన కారణమని విరాట్ కోహ్లీ బహిరంగంగా చెప్పాడు.

డబ్బుతో పనిలేని సాధనాలు కూడా ఉన్నాయి. ఆస్ట్రేలియా ఆటగాడు డొనాల్డ్ బ్రాడ్‌మన్ పేరు వినే ఉంటారు. టెస్టుల్లో అతని సగటు 99.94 పరుగులు. చిన్నతనంలో బౌరల్ అనే ఊళ్ళో, ఇంటి వెనక నీళ్ళ తొట్టి కింది ఇటుకల కట్టుకు గోల్ఫ్ బంతిని కొట్టి, తిరిగి వచ్చేదాన్ని ఒక వికెట్ పుల్లతో కొట్టేవాడు. ఆ కట్టు వంపుగా ఉండటంచేత బంతి ఎటు తిరిగి వస్తుందో ముందుగా తెలిసేది కాదు. ఆ తెలియకపోవటమే అతనికి గురువైంది! సచిన్ టెండూల్కర్ గురువు రమాకాంత్ అచ్రేకర్ బొంబాయి శివాజీ పార్కులో వికెట్ల మీద ఒక రూపాయి బిళ్ళ పెట్టేవారు. సచిన్‌ను ఔట్ చేసినవాడిది ఆ బిళ్ళ. ఎవరూ ఔట్ చేయలేకపోతే సచిన్‌ది. అట్లా గెలిచిన 13 బిళ్ళలను సచిన్ పదిలంగా దాచుకున్నాడు. ఒక రూపాయి బిళ్ళ కూడా సాధన పరికరమే అన్నమాట.

మన దగ్గరి వాళ్ళనే చూడండి. ఆడపిల్లల 19 ఏళ్ళలోపు ప్రపంచకప్పులో, 2025లో, 309 పరుగులు చేసిన గొంగడి త్రిష భద్రాచలం అమ్మాయి. ఆ పోటీల చరిత్రలో మొదటి సెంచరీ ఆమెదే. చిన్నప్పుడు ఆమెకు బంతులు వేసి ఆట నేర్పింది తండ్రి. 2025 ఆసియా కప్పు ఫైనల్లో భారత జట్టు 20 పరుగులకే మూడు వికెట్లు పోగొట్టుకున్నప్పుడు, 69 పరుగులు చేసి చివరిదాకా నిలిచిన తిలక్ వర్మ హైదరాబాదులో ఒక ఎలక్ట్రీషియన్ కొడుకు. టెన్నిస్ బంతితో ఆడుతున్న ఆ పిల్లవాణ్ణి సలాం బయాష్ అనే శిక్షకుడు చూసి, తన బండి మీద ఎక్కించుకుని మా పక్కనే ఉన్న లింగంపల్లి దాకా సాధనకు తీసుకువచ్చేవాడు. ఈ ఇద్దరి వెనకా ముందు నిలిచింది ఒక మనిషి.

మా వీధి పిల్లవాడి సంగతి కూడా చెబుతాను. పాత మేజోట్లో బంతి పెట్టి, తాడుతో వేపకొమ్మకు వేలాడదీశాం. దాన్ని కొడుతుంటే నిటారు బ్యాటు అలవాటైంది. రబ్బరు బంతిని గోడకు కొట్టి, సన్నని కర్రతో ఆడించాం. తండ్రి ఉదయం షిఫ్టు ఉన్న రోజుల్లో, సాయంత్రం ఇంటికి వచ్చి, చేతితో బంతులు విసిరేవాడు. ప్రతి బంతికీ ముందు పిల్లవాడు "కుడి", "ఎడమ", "పొట్టి", "పొడుగు" అని బంతి ఎటు పడుతుందో పైకి చెప్పాలి. ఇది నేను పెట్టిన నియమం. మొదట్లో అన్నీ తప్పులే. రెండు నెలల తరువాత అదే ఎడమచేతి కుర్రవాడితో మళ్ళీ ముప్పై బంతులు వేయించాను. పద్దెనిమిది నడిమధ్య తగిలాయి. ఆ ఏడు బడి జట్టులో వాడికి ఏడో స్థానం దొరికింది. ఒక ఆటలో 19 పరుగులు చేశాడు. పెద్ద స్కోరు కాదు. కాని ఆ రోజు మైదానం అంచున నిలబడిన వాడి తండ్రి, అందులో ప్రతి పరుగూ నాకు విడివిడిగా చెప్పాడు.

తల్లిదండ్రులకు ఒక మాట

తోలు బంతి బరువు దాదాపు 160 గ్రాములు. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతిలో ఎంత శక్తి ఉంటుందో తెలుసా? 5 కిలోల బియ్యం సంచి ఒక మీటరు ఎత్తునుంచి పడితే ఎంత ఉంటుందో అంత. వేగం రెట్టింపు అయితే శక్తి నాలుగు రెట్లు అవుతుంది. 2014 నవంబరులో సిడ్నీ మైదానంలో ఆస్ట్రేలియా ఆటగాడు ఫిలిప్ హ్యూస్ మెడకు బంతి తగిలి ప్రాణం పోగొట్టుకున్నాడు. 2025 అక్టోబరులో మెల్‌బోర్న్ నగరంలో 17 ఏళ్ళ పిల్లవాడు నెట్స్‌లో సాధన చేస్తుండగా, నేను పైన చెప్పిన చేతికర్రతో విసిరిన బంతి మెడకు తగిలి మరణించాడు. అతని తల మీద హెల్మెట్టు ఉన్నది. మెడను కాపాడే తొడుగు లేదు.

మిమ్మల్ని భయపెట్టటానికి ఇది చెప్పటం లేదు. ఆట మానవద్దు. ఎదురుగా గట్టి బంతి ఉంటే తలకు హెల్మెట్టు, దానికి మెడ తొడుగు, కాళ్ళకు ప్యాడ్లు, చేతులకు గ్లవ్స్, లోపల గార్డు ఉండవలసిందే. యంత్రం వేగాన్ని పిల్లవాడి ఉత్సాహాన్నిబట్టి పెంచకూడదు, వాడి నేర్పునుబట్టి పెంచాలి. యంత్రం దగ్గర ఉన్న మనిషి బంతిని పైకెత్తి చూపించి, పిల్లవాడు సిద్ధమని తల ఊపిన తరువాతనే చక్రాల్లో వేయాలి. చక్రాలు తిరుగుతున్నంతసేపు ఎవరూ దాని ముందునుంచి నడవకూడదు, సందులో వేలు పెట్టకూడదు. వాన చినుకు పడితే కరెంటు తీసేయాలి. పైగా తడి బంతి చక్రాల్లో జారి ఎటు పోతుందో చెప్పలేం. మిషన్‌కు కట్టటానికి డబ్బు ఉండి, హెల్మెట్టు కొనటానికి లేకపోతే, ముందు హెల్మెట్టే కొనండి. ఫెలిక్స్ పంతులు యంత్రంతో పాటు గ్లవ్స్ కూడా చేశాడని మరచిపోవద్దన్నాను, అది ఇందుకే.

మీరే చేసి చూడండి

ఇప్పుడు ఒక చిన్న ప్రయోగం. 30 సెంటీమీటర్ల స్కేలు ఒకటి తీసుకోండి. మీ స్నేహితుడు దాన్ని పై చివర పట్టుకుని నిలువుగా వేలాడదీయాలి. సున్నా అంకె కింద ఉండాలి. మీరు బొటనవేలు, చూపుడువేలు సున్నా దగ్గర స్కేలుకు అటూ ఇటూ తగలకుండా ఉంచండి. అతను చెప్పకుండా వదిలేస్తాడు. మీరు పట్టుకోవాలి. ఏ అంకె దగ్గర పట్టుకున్నారో చూడండి. 20 దగ్గర అయితే మీరు 0.2 సెకను తీసుకున్నారు. 15 దగ్గర అయితే సుమారు 0.17 సెకను. ఇట్లా పదిసార్లు చేసి రాసుకోండి.

ఇక రెండో భాగం. ఈసారి మీ స్నేహితుడు "ఒకటి, రెండు, మూడు" అని ఒకే తాళంలో లెక్కపెట్టి, మూడు అన్నప్పుడు వదలాలి. మళ్ళీ పదిసార్లు చేయండి. రెండు వరసలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మీ వేళ్ళు అవే, స్కేలు అదే. అయినా రెండో వరసలో అంకెలు ఎంతో తగ్గుతాయి. ముందుగా వచ్చే సూచన ఎంత విలువైనదో మీకే తెలుస్తుంది. చెప్పకుండా వదిలిన స్కేలు యంత్రం వంటిది. లెక్కపెట్టి వదిలిన స్కేలు, పరుగెత్తి వచ్చి భుజం తిప్పే బౌలరు వంటిది.

మీకు మిషన్ దొరికితే సంతోషంగా ఆడండి. దొరకకపోతే దిగులు పడకండి. మేజోడు, తాడు, గోడ, బంతి విసిరే ఒక స్నేహితుడు ఉంటే చాలు. మీ రెండు వరసల అంకెలు కాగితం మీద రాసి, మీ సైన్సు మాస్టారికి చూపించండి. తరువాత మైదానానికి వెళ్ళి, బౌలరు చేతిని చూడటంతో ఆట మొదలుపెట్టండి.